పాత ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల పత్రం) దాచమనే కన్సల్టెన్సీతో జాగ్రత్త

తక్కువ జీపీఏ ఉన్నా అమెరికాలో ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ అంటూ మన విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ప్రకటనలు వేసే కన్సల్టెన్సీ గురించే ఇది. ఎవరో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. దయచేసి వాళ్లకు ఒక్క డాలరు కూడా కట్టకండి. నేను 1,800 కట్టాను. క్యాంపస్ భోజనశాలలో గంటకు 15 డాలర్ల చొప్పున పళ్లాలు కడిగి దాచుకున్న డబ్బు అది. అంటే 120 గంటల కష్టం. మంగళవారం నా అడ్మిషన్ రద్దయింది.

మొదటి విశ్వవిద్యాలయంలో రెండు సెమిస్టర్లకు నా జీపీఏ 1.84. 2.0 కన్నా తక్కువని ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెట్టారు. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి మారి ఒక సెమిస్టర్‌లో 3.2 తెచ్చుకున్నాను. అక్కడి నుంచి మళ్లీ నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి వెళ్లాలని వీళ్లను ఆశ్రయించాను.

ఇంతకుముందు చదివిన కళాశాలలన్నీ పేర్కొనాలని దరఖాస్తులో స్పష్టంగా ఉంది. "ఆ 1.84 చూస్తే మీ ఫైలు పక్కన పడేస్తారు చెల్లెమ్మా. ఆ కాలేజీ రాయవద్దు, ఎవరికీ తెలియదు" అన్నాడు కన్సల్టెన్సీ మనిషి. నా పాస్‌వర్డ్ తీసుకుని దరఖాస్తు వాళ్లే నింపారు. చివర వివరాలన్నీ నిజమేనని ధ్రువీకరించే చోట నేను సంతకం చేశాను. తప్పని తెలుసు. 2011లో ట్రై-వ్యాలీ, 2019లో ఫార్మింగ్టన్ నకిలీ విశ్వవిద్యాలయాల వ్యవహారాల్లో మధ్యవర్తుల మాటలు నమ్మి మన పిల్లలు ఎంత నష్టపోయారో చదివినదాన్నే. అయినా సంతకం చేశాను. ఆ తప్పు నాదే, కాదనను.

ఎలా బయటపడిందో తెలుసా? కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మొదటి పేజీలో, నా గ్రేడ్లకు సరిగ్గా పైన, బదిలీ అయిన క్రెడిట్లు 6 అని ఒక వరుస ఉంది. పక్కనే పాత విశ్వవిద్యాలయం పేరు. దాన్ని దాచమని చెప్పినవాడు, ఆ పేరున్న కాగితాన్నే తన చేత్తో అప్‌లోడ్ చేశాడు. కనీసం ఒక్కసారి చదవలేదు. నేనూ చదవలేదు.

రద్దు లేఖ రాగానే వణుకుతూ ఫోను చేశాను. అంతవరకు నోరారా చెల్లెమ్మా అని పిలిచిన మనిషి, లేఖ చదివి వినిపించాక రెండు క్షణాలు మౌనంగా ఉండి, "చూడండి మేడమ్, దరఖాస్తులో సంతకం మీది. మా పేరు అందులో ఎక్కడా లేదు" అన్నాడు. ఆరు వారాలుగా ఒక్కసారి కూడా నన్ను మేడమ్ అనలేదు. డబ్బు సంగతి అడిగితే, "అడ్మిషన్ తెప్పిస్తామన్నాం, తెప్పించాం" అని ఫోను పెట్టేశాడు. తిరిగి చేస్తే నా నంబరు బ్లాక్ చేసి ఉంది.

సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) బదిలీ కావలసిన తేదీ శుక్రవారం. ఆ రోజు దాటి ఉంటే రికార్డు కొత్త విశ్వవిద్యాలయం చేతికి వెళ్లిపోయేది, ఇక్కడి వాళ్లు వెనక్కు తీసుకోలేకపోయేవారు. బుధవారం ఉదయం మా కాలేజీ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గరకు వెళ్లి జరిగినదంతా చెప్పేశాను. ఆమె నా ముందే బదిలీని రద్దు చేసి, వచ్చే సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు వెంటనే నమోదు చేసుకోమన్నారు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదా నిలిచింది. రెండు రోజుల తేడాతో నిలిచింది!

మీకూ గ్రేడ్లు తక్కువుంటే ముందు మీ డీఎస్‌ఓతో మాట్లాడండి, దానికి డబ్బు కట్టనక్కరలేదు. చదివిన ప్రతి కాలేజీ రాయండి. ఎందుకు వెనకబడ్డారో, తర్వాత ఎలా కోలుకున్నారో మీ మాటల్లోనే చెప్పండి. 1.84 తర్వాత వచ్చిన 3.2 చెప్పుకోదగ్గ సంగతే, నేనే దాన్ని చెప్పుకోలేకపోయాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి.

ఈ ఉదయం అదే గ్రూపులో వాళ్ల ప్రకటన మళ్లీ వచ్చింది. తక్కువ జీపీఏతో సాధించామని, పేరు చెరిపేసిన ఒక అడ్మిషన్ లేఖను జతచేశారు. అది నాది. ఇప్పుడు చెల్లదు.