అండమాన్‌లో డబ్బు ఎక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది: నాలుగు ప్రయాణాల తర్వాత

"బీచ్ మన వైజాగ్‌లోనే ఉంది కదమ్మా, అది చూడ్డానికి అండమాన్ దాకా ఎందుకు?" అని 2014లో మా అత్తయ్య అడిగారు. 2024 జనవరిలో మేం నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆవిడే మాతో వచ్చారు, తొమ్మిది రోజులూ హాయిగా తిరిగారు. ఈ పదేళ్ళలో ఒకసారి ప్యాకేజీలో, ఒకసారి వైజాగ్ నుంచి ఓడలో, రెండుసార్లు విమానంలో వెళ్ళాం. చివరి మూడుసార్లూ ఏజెంటు లేకుండా సొంతంగానే తిరిగాం.

మొదటి ప్యాకేజీ ఐదు రోజులు. విమానం కాకుండా ఇద్దరికి 46 వేలు అయింది. హావ్‌లాక్ ద్వీపంలోని రాధానగర్ బీచ్‌లో మాకు దక్కింది నలభై నిమిషాలు. నీళ్ళలోకి దిగి ఇంకా ఒళ్ళు పూర్తిగా తడవలేదు, డ్రైవర్ హారన్ కొట్టేశాడు. పగడాలు చూపిస్తామని అద్దాల పడవ ఎక్కించారు, అద్దం గీతలు పడిపోయి కింద ఏమీ సరిగ్గా కనపడలేదు. 2024లో ముగ్గురం, తొమ్మిది రోజులు, విమానం కాకుండా 34 వేలతో తిరిగొచ్చాం. మేమేం కడుపు కట్టుకుని తిరగలేదు. తేడా అంతా రోజుల్లో ఉంది. రోజులు తక్కువైతే ఖరీదైన ఫెర్రీ, టాక్సీ, మధ్యలో ఏజెంటు, అన్నీ తప్పవు. రోజులు ఉంటే ప్రభుత్వ ఫెర్రీ కోసం ఆగొచ్చు, బస్సు కోసం చెట్టు కింద కూర్చోవచ్చు.

ప్రభుత్వ ఫెర్రీ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ ఆదా అక్కడే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, ఫీనిక్స్ బే జెట్టీలో ఎక్కే ప్రభుత్వ ఫెర్రీలో దాదాపు రెండున్నర గంటలు. టికెట్ మాత్రం సగం ధర కన్నా తక్కువే. ప్రైవేటు వాటిలో ఏసీ హాల్లో సీటుకు అతుక్కుని కూర్చోవాలి. ప్రభుత్వ ఫెర్రీలో డెక్ మీద నిలబడొచ్చు. 2024లో పడవ శబ్దానికి బెదిరి చిన్న చేపలు నీళ్ళ మీద నుంచి పిట్టల్లా లేచి, చాలా దూరం ఎగిరి మళ్ళీ మునిగాయి. అత్తయ్య రైలింగ్ పట్టుకుని అర్ధగంట అక్కడి నుంచి కదల్లేదు. టికెట్లు కొద్ది రోజుల ముందే తెరుస్తారు, త్వరగా అయిపోతాయి. ద్వీపాల్లో ఉండేవాళ్ళు ఆస్పత్రికీ, చదువులకూ వెళ్ళేది ఈ పడవల మీదే కాబట్టి వాళ్ళకు మొదటి అవకాశం ఇవ్వడం న్యాయం. అందుకే ఒక తేదీకి కట్టుబడకుండా ముందూ వెనకా ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. పేర్లు కూడా చూసుకోండి: 2018 నుంచి హావ్‌లాక్ ద్వీపం పేరు స్వరాజ్ ద్వీప్, నీల్ ద్వీపం పేరు షహీద్ ద్వీప్. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. మనుషులు మాత్రం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు.

హావ్‌లాక్ కన్నా నాకు నీల్ ఇష్టం, ఖర్చు కూడా తక్కువ. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అండమాన్‌కు కూరగాయలు పండించే ద్వీపం అది. ఫ్యానూ, బాత్రూమూ ఉన్న గదికి మేం రోజుకు 1200 ఇచ్చాం. అద్దె సైకిల్ ఉంటే ద్వీపమంతా మీదే. ఆవనూనెతో వండిన చేపల కూర మొదటి ముద్దకు మనకు కొత్తగా ఉంటుంది, మూడో రోజుకు అలవాటైపోతుంది.

నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన చూడాలంటే ఆటు సమయంలోనే వెళ్ళాలి. పోటులో వెళ్తే రాళ్ళ మీద నడవడానికి దారి ఉండదు. ఆ రోజు ఆటు ఎన్నింటికో గది ఇచ్చినవాళ్ళను అడిగితే చెప్తారు. నీళ్ళు వెనక్కి తగ్గాక రాళ్ళ మధ్య చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. ఒక గుంట దగ్గర పావుగంట కూర్చున్నాను. జానెడు నల్లటి సముద్ర దోసకాయ (దోసకాయలా కనపడే సముద్ర జీవి) ఒకటి ఇసుక మీద కదలకుండా పడుంది. పక్కనే రాతిలో ఇరుక్కున్న ఆల్చిప్ప. దాని పెదవి అంచు నెమలికంఠం రంగులో మెరుస్తోంది. నా నీడ పడగానే చప్పున మూసుకుంది, నీడ తీశాక మెల్లగా తెరుచుకుంది. దీనికి టికెట్ లేదు. అడుగున గట్టి పట్టున్న చెప్పులు మాత్రం ఉండాలి. పగడాల మీద కాలు పెట్టకండి, వేలెడు పెరగడానికి వాటికి ఏళ్ళు పడుతుంది. గవ్వలూ పగడపు ముక్కలూ బ్యాగులో వేసుకోకండి. ఎయిర్‌పోర్టులో తనిఖీ ఉంటుంది, పగడం చచ్చినదైనా సరే నేరమే.

నీళ్ళలో మొహం ముంచి కింద చూడ్డానికి పెట్టుకునే స్నార్కెలింగ్ మాస్కు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, రెండు సార్లు వాడితే దాని ఖరీదు వచ్చేస్తుంది. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం ఎవరెన్ని చెప్పినా దిగొద్దు. ఉప్పునీటి మొసళ్ళు అక్కడ నిజంగానే ఉన్నాయి.

ఓడ ప్రయాణం సెలవులు బాగా ఉన్నవాళ్ళకే. వైజాగ్ నుంచి రెండున్నర, మూడు రోజులు పడుతుంది, ఓడలు తక్కువే ఉంటాయి, తేదీలు జరుగుతుంటాయి. బంక్ క్లాసు చవక, కానీ గాలీ వెలుతురూ తక్కువ. మొదటి రోజంతా నాకు కడుపులో తిప్పింది. నిమ్మకాయ ఊరగాయా, అటుకులే నన్ను నిలబెట్టాయి. ఒకసారి చేసినందుకు ఇప్పటికీ సంతోషమే. అత్తయ్యను మాత్రం అందులో తీసుకెళ్ళను.

తిండి ఖర్చు తగ్గించింది జంగ్లీఘాట్. పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల పడవలు ఆగేచోటు. వంటగది ఉన్న హోంస్టే అక్కడికి దగ్గర్లో తీసుకున్నాం. పొద్దున్నే వెళ్తే సగం మాటలు మన ఉత్తరాంధ్ర తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు అక్కడ ఏనాటి నుంచో ఉన్నాయి. చేప కోస్తున్న ఒకావిడ మా మాట విని తలెత్తి "ఏ ఊరమ్మా మీది?" అంది. భీమిలి అని అత్తయ్య చెప్పగానే "మాది ఇచ్ఛాపురం పక్కనమ్మా, పెళ్ళయి ఇక్కడికొచ్చీసినాను" అంటూ చేప శుభ్రం చేసి, తల ఎలా వండాలో కూడా చెప్పింది. ఆ మూడు రోజులూ చేపలు ఆవిడ దగ్గరే కొన్నాం.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకు మొదటిసారి ప్యాకేజీ వాళ్ళు తీసుకెళ్ళారు. మళ్ళీ వెళ్ళలేదు, వెళ్ళమని చెప్పను. ఆ దారి జరావా అనే ఆదివాసుల అడవి మధ్య నుంచి వెళ్తుంది. ఆ భాగంలో రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఫొటోలు నిషేధం, అయినా బళ్ళన్నీ వరసగా కలిసి వెళ్ళే కాన్వాయ్‌లో మా ముందు బండిలో జనం కిటికీలకు అతుక్కుని మనుషుల కోసం వెతకడం చూశాను. ఆ రోజంతా మనసు బాగోలేదు.

చివరి రాత్రి తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. 2016 డిసెంబరులో వాతావరణం పాడై హావ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. పడవ ఆగితే విమానం టికెట్ పోయినట్టే, ఆ టెన్షన్ పడొద్దు. ఆ మిగిలిన రోజుకు పోర్ట్‌బ్లెయిర్ పక్కనే ఉన్న చాథమ్ నుంచి బాంబూఫ్లాట్‌కు చవకైన స్థానిక ఫెర్రీ ఉంది. అక్కడి నుంచి మౌంట్ హారియట్ కొండ ఎక్కితే పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్న దృశ్యమే ఎదురుగా కనపడుతుంది. దీనికి ఇప్పుడు మౌంట్ మణిపూర్ అని పేరు. సెల్యులార్ జైలుకు మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. ఏడు వరసల జైలు గదుల్లో ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. ఒక గదిలో రెండు నిమిషాలు ఒంటరిగా నిలబడి చూడండి.

ఏ ప్లాన్ వేసినా పొద్దున ఆరుకే బయటపడేలా వేసుకోండి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం అక్కడ ముందుంటాడు. జనవరిలో ఐదుంపావుకే అస్తమిస్తాడు. చేతిలో నగదు కూడా ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వచ్చాక నెట్ చాలా మెరుగైంది, కానీ నీల్‌లో రెండుసార్లు ఫోన్‌పే పనిచేయక కొట్టువాడు "రేపివ్వండి" అని నమ్మకంగా పంపించాడు.

జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళండి. నాలుగు రోజులే సెలవు దొరికితే హావ్‌లాక్ వదిలేసి నీల్‌కు మాత్రమే వెళ్ళి రండి.