శాంటా ఫే లైన్ పాత స్టేషన్లు: ఎక్కడ దిగాలి, ఎక్కడ బస చేయాలి

ఫీనిక్స్ నుంచో డాలస్ నుంచో గ్రాండ్ కాన్యన్‌కు కారులో బయలుదేరే తెలుగు కుటుంబాలు చీకటి పడేసరికి ఐ-40 హైవే మీద ఏదో ఒక ఎగ్జిట్ దగ్గర మోటెల్ చూసుకుని ఆగిపోతాయి. చాలా ఊళ్లలో ఆ మోటెల్‌కు కూతవేటు దూరంలోనే శాంటా ఫే రైల్వే పాత మెయిన్ లైను వెళుతుంది. దాని పక్కన నూరేళ్ల నాటి స్టేషనో, స్టేషన్ ఉండాల్సిన చోట ఖాళీ స్థలమో కనిపిస్తుంది. వీటిలో కొన్నింట్లో రాత్రి పడుకోవచ్చు, కొన్నింటిని తిరిగి చూడొచ్చు. మిగతావాటి దగ్గర కారు ఆపినా లాభం లేదు.

ముందు కాస్త నేపథ్యం. ఆవిరి ఇంజన్ల కాలంలో రైలు నీళ్ల కోసం ఆగాలి, ప్రయాణికులు తినాలి. ఫ్రెడ్ హార్వీ అనే వ్యాపారి 1876లో కాన్సస్‌లోని టొపీకా స్టేషన్లో భోజనశాల పెట్టాడు. తర్వాత శాంటా ఫే రైల్వే దారి పొడవునా భవనాలు కట్టడం, వాటిలో హార్వీ కంపెనీ భోజనశాలలు, హోటళ్లు నడపడం అలవాటైపోయింది. మన రిటైరింగ్ రూములకు ఇవి బాగా డబ్బున్న అన్నగార్లు. డైనింగ్ కారు వచ్చింది, డీజిల్ ఇంజన్ వచ్చింది, అందరికీ కార్లు వచ్చాయి. 1950లు ముగిసేసరికి చాలావాటికి తాళాలు పడ్డాయి. 1971 మే 1 నుంచి ప్రయాణికుల రైళ్ల బాధ్యత ఆమ్‌ట్రాక్ అనే ప్రభుత్వ సంస్థది. ఈ దారిలో ఇప్పుడు మిగిలింది షికాగో - లాస్ ఏంజలెస్ మధ్య నడిచే సౌత్‌వెస్ట్ చీఫ్ రైలు ఒక్కటే. 2,265 మైళ్ల ప్రయాణం, రోజుకు అటొకటి, ఇటొకటి.

ఒక్క చోటే ఆగగలిగితే అరిజోనాలోని విన్‌స్లోలో ఆగండి. అక్కడి స్టేషన్ హోటల్ లా పొసాడా 1930 మేలో తెరుచుకుంది. వాల్ స్ట్రీట్ కుప్పకూలి అప్పటికి ఏడు నెలలు. హార్వీ కంపెనీ ఆర్కిటెక్టు మేరీ కోల్టర్ దీన్ని తరతరాలుగా ఒక స్పానిష్ భూస్వామి కుటుంబం పెంచుకుంటూ వచ్చిన లోగిలి అన్నట్టు ఊహించుకుని, ఆ ఊహకు తగ్గట్టు గదులు, తోట, సామాను అన్నీ గీసింది. 27 ఏళ్లు నడిచి 1957లో మూతపడింది. సామాను వేలం వేసేశారు. రైల్వే వాళ్లు లోపల అడ్డుగోడలు కట్టి ఆఫీసుగా వాడుకున్నారు, 1994లో అదీ ఖాళీ చేశారు. ఆ ఆఫీసే భవనాన్ని కాపాడింది అనుకోవాలి. మనుషులు మసిలే ఇంట్లో కప్పు కారితే ఎవరో ఒకరు పెంకు సర్దుతారు, తాళం వేసిన ఇంట్లో కారిన నీళ్లు కారుతూనే ఉంటాయి. 1997లో ఆలన్ ఆఫెల్ట్, ఆయన భార్య, చిత్రకారిణి టీనా మియాన్ దీన్ని కొన్నారు. అంతా బాగుచేసి రిబ్బను కత్తిరించే దాకా ఆగకుండా, కొన్ని గదులు సిద్ధం కాగానే అద్దెకిస్తూ, వచ్చిన డబ్బుతో తర్వాతి గదులు బాగుచేసుకుంటూ పోయారు. ఈ పద్ధతి గుర్తుంచుకోండి, కింద నీడిల్స్ దగ్గర పనికొస్తుంది.

బస సంగతి. హోటల్ దక్షిణం వైపు వసారా దాటితే లాన్, దాని అవతల పట్టాలు. శాంటా ఫే రైల్వేను కలుపుకున్న బీఎన్ఎస్ఎఫ్ కంపెనీ వారి ప్రధాన సరుకు రవాణా మార్గం ఇది, కాబట్టి అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా కంటైనర్ బళ్లు పోతూనే ఉంటాయి. గోడలు మందమే, అయినా నేల కొద్దిగా అదురుతుంది. నిద్ర తేలిక అయినవాళ్లు బుక్ చేసేటప్పుడే పట్టాలకు దూరంగా ఉత్తరం వైపు గది అడగాలి. పిల్లలుంటే దక్షిణం వైపే తీసుకోండి, కిటికీ దగ్గర నుంచి కదలరు. గదులన్నీ ఒకే కొలతలో ఉండవు. అమ్మానాన్నలతో వెళ్తుంటే మంచాలెన్ని, మెట్లెక్కాలా అన్న రెండు ప్రశ్నలూ ఫోన్లోనే అడిగేయడం మేలు. వేసవిలోనూ, అక్టోబరులోనూ వారాంతపు గదులు నెలల ముందే అయిపోతాయి.

భోజనానికి టర్కాయిస్ రూమ్ అదే భవనంలో ఉంది. ఒకే గిన్నెలో సగం నల్ల చిక్కుళ్లు, సగం మొక్కజొన్న పోసి ఇచ్చే సూపు అక్కడి ప్రత్యేకత. శాకాహారులు ఏది తెప్పించుకున్నా అది చికెన్ స్టాకుతో చేశారా అని అడగాలి. ఈ ప్రాంతమంతటా ఇదే జాగ్రత్త: చిక్కుళ్లలో పంది కొవ్వు, గ్రీన్ చిలీ కూరలో పంది మాంసం, అన్నంలో చికెన్ స్టాకు ఉండటం మామూలు. "నో మీట్" అంటే సరిపోదు, ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. పక్కనున్న పాత స్టేషన్ భవనంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. 1930లలో నేసిన పెద్ద నవాహో తివాచీ చూడాల్సింది అక్కడే, సుమారు 21 అడుగుల వెడల్పు, 32 అడుగుల పైచిలుకు పొడవు.

రైలులో వచ్చేవాళ్లకు విన్‌స్లో ఎంత హాయో అంత ఇబ్బంది కూడా. రైలు దిగి నడిచి గదిలోకి వెళ్లిపోవచ్చు, అది హాయి. స్టేషన్లో సిబ్బంది, టికెట్ కౌంటర్, లగేజీ బుకింగ్ లేవు, అది ఇబ్బంది. పడమటి వైపు వెళ్లే మూడో నంబరు రైలు సాయంత్రం పొద్దుపోయాక వస్తుంది, తూర్పు వైపు వెళ్లే నాలుగో నంబరు తెల్లవారుజామున. కాబట్టి ఆల్బకర్కీలో మధ్యాహ్నం ఎక్కి, విన్‌స్లోలో దిగి పడుకుని, మర్నాడు సాయంత్రం అదే రైలెక్కి గంట దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో దిగడం సుఖం. ఎదురు దిశలో వస్తే తెల్లవారకముందే ప్లాట్‌ఫాం మీద నిలబడాలి, ఆ వేళకు గది ఖాళీగా ఉండదు. ఇంకో చిక్కు గడియారం. అరిజోనాలో వేసవి సమయం పాటించరు, న్యూమెక్సికోలో పాటిస్తారు, అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్‌లోనూ పాటిస్తారు. మార్చి - నవంబరు మధ్య ఆల్బకర్కీకి, విన్‌స్లోకి గంట తేడా.

ఫ్లాగ్‌స్టాఫ్ స్టేషన్ 1926 నాటిది, నిటారు కప్పుతో ఇంగ్లీషు పల్లెటూరి ఇంటిలా ఉంటుంది. ఈ దారిలో బతికిన స్టేషన్లలో దీనిది అతి మామూలు కథ: రైలు ఆగుతుంది, సిబ్బంది ఉన్నారు, ఊరి పర్యాటక కేంద్రం కూడా ఇదే భవనంలో పెట్టారు. తలుపు రోజంతా తెరిచి ఉంటే చాలు, భవనం నిలబడిపోతుంది. లోపల బస లేదు. 1900 నాటి వెదర్‌ఫోర్డ్, 1927 నాటి మాంటే విస్టా హోటళ్లు నడక దూరంలో ఉన్నాయి. రెండూ పాత పద్ధతి గదులే, కింద బార్లు ఉంటాయి కాబట్టి శుక్ర, శనివారాల్లో హడావుడి ఎక్కువ. ఫీనిక్స్‌కు ఆమ్‌ట్రాక్ రైలు లేదు. కారు లేకపోతే ఇక్కడి నుంచి అక్కడి ఎయిర్‌పోర్టుకు షటిల్ బండి చూసుకోవాలి.

విలియమ్స్ అక్కడికి 30 మైళ్ల పైచిలుకు. 1908లో కాంక్రీటుతో కట్టిన ఫ్రే మార్కోస్ స్టేషన్ నుంచి గ్రాండ్ కాన్యన్ రైల్వే బయలుదేరుతుంది. కాన్యన్ అంచుకు మొదటి ప్రయాణికుల రైలు 1901 సెప్టెంబరు 17న వెళ్లింది. 1968లో ఆఖరి రైలులో ఎక్కింది ముగ్గురే. తిరిగి 1989లో, అదే సెప్టెంబరు 17న మొదలుపెట్టారు. చాలామంది నిరాశపడేది ఒక్క విషయంలోనే: ఈ రైలు కిటికీలోంచి కాన్యన్ కనిపించదు. రెండుంబావు గంటల సేపు కనిపించేది గడ్డి మైదానం, పైన్ అడవి. దిగి, మెట్లెక్కి గట్టు మీదికి వెళ్తేనే లోయ కనిపిస్తుంది. ఉదయం బండిలో వెళ్లి మధ్యాహ్నం దానిలోనే తిరిగొస్తే అక్కడ దొరికేది నాలుగు గంటల లోపు. అంచున నడవడానికి, భోజనానికి సరిపోతుంది. సూర్యాస్తమయం చూడాలంటే పార్కులోనే ఒక రాత్రి గది తీసుకుని మర్నాడు తిరుగు రైలెక్కాలి. అద్దాల కప్పున్న డోమ్ పెట్టెకు ఎక్కువ డబ్బు పెట్టడం ఈ దారిలో దండగే, ఆకాశం తప్ప అదనంగా కనిపించేది లేదు. మామూలు కోచ్ చాలు. 1923 నాటి 4960 నంబరు ఆవిరి ఇంజన్ వాడిన వంటనూనెతో నడుస్తుంది, అయితే ఏడాదిలో కొద్ది రోజులే. దానికోసమే వెళ్లేవాళ్లు తేదీ చూసుకుని టికెట్ కొనాలి.

అవతలి కొసన ఉన్న గ్రాండ్ కాన్యన్ డిపోను దిగిన హడావుడిలో ఎవరూ చూడరు. 1910లో పూర్తయిన దుంగల కట్టడం అది. అమెరికాలో దుంగలతో కట్టిన స్టేషన్లు మిగిలినవే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. తిరుగు రైలుకు పావుగంట ముందే వచ్చి దాని చుట్టూ ఒకసారి నడిచి రండి.

పోయినవాటి గురించి కూడా చెప్పుకోవాలి, లేకపోతే పాత పుస్తకంలో బొమ్మ చూసి వెళ్లి ఖాళీ స్థలం ముందు నిలబడతారు. విలియమ్స్‌కు పడమటనున్న యాష్ ఫోర్క్‌లో ఎస్కలాంటే హోటల్ ఉండేది. 1960లో మెయిన్ లైనునే ఊరికి దూరంగా కొత్త మార్గం మీదికి మార్చేశారు, ఆ తర్వాతి దశకంలో భవనాన్ని పడగొట్టారు. గాలప్‌లో కోల్టర్ కట్టిన ఎల్ నవాహో 1957లో రోడ్డు వెడల్పు కోసం నేలమట్టమైంది. విన్‌స్లోలో ఆమె లా పొసాడాకు తాళం పడిన సంవత్సరమూ అదే. గాలప్‌లో మిగిలిన స్టేషన్ భాగం ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం, గంటసేపు ఆగవచ్చు. ఆల్బకర్కీలో 1902 నాటి అల్వరాడో హోటల్‌ను 1970లో కూల్చి పార్కింగ్ స్థలం చేశారు. ఇప్పుడక్కడున్న బస్సు, రైలు కేంద్రం పాత రూపాన్ని అనుకరిస్తూ కట్టిన కొత్త భవనమే, మోసపోవద్దు. సెలిగ్మన్‌లోని హవాసు హౌస్ అన్నిటికన్నా ఆలస్యంగా, 2008లో పోయింది. స్థలం రైల్వేది, పక్కనే రద్దీ పట్టాలు, పైగా ఊరు చిన్నది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ. చారిత్రక కట్టడాల ఫెడరల్ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరెక్కితే ఇక ఎవరూ ముట్టుకోలేరని అనుకుంటారు. ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో తన భవనాన్ని కూల్చుకుంటానంటే ఆ జాబితా అడ్డుకోదు. అది ఇచ్చేది డబ్బు దారి: వ్యాపారానికి వాడే చారిత్రక భవనాన్ని బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గింపు, ఐదేళ్లకు పంచి ఇస్తారు. చెక్క కిటికీలు పీకి ప్లాస్టిక్‌వి పెడితే అర్హత పోతుంది. ఆదాయం రాని భవనానికి ఇది వర్తించదు. అందుకే హోటల్‌గా మారే స్టేషన్‌కు ఉన్నంత వెసులుబాటు ఊరి మ్యూజియంగా మారేదానికి ఉండదు.

కాలిఫోర్నియా సరిహద్దులోని నీడిల్స్‌కు వెళ్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. అక్కడి స్టేషన్ హోటల్ ఎల్ గార్సెస్, 1908. గ్రాండ్ కాన్యన్ దుంగల డిపో గీసిన ఫ్రాన్సిస్ విల్సనే దీన్ని గీశాడు, అయితే ఇక్కడ గ్రీకు గుడిలా వరుస స్తంభాలతో. విన్‌స్లోలోలా కొన్ని గదులు అద్దెకిస్తూ కాకుండా, నగరపాలక సంస్థ 1999లో కొని, ప్రభుత్వ నిధులతో బాగుచేసి 2014లో తెరిచింది. పనితనంలో లోపమేమీ లేదు. లోపలికి అద్దెకు వచ్చేవాళ్లే లేక ఏళ్ల తరబడి బోసిగా ఉంది. రెండు రైళ్లూ అర్ధరాత్రి ప్రాంతంలో వచ్చిపోతాయి, ఆ వేళ దిగినవాడు కాఫీ కూడా కొనడు. ఫొటోకు పది నిమిషాలు చాలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున్నే. మధ్యాహ్నం అక్కడ 115 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. కింగ్మన్‌లో 1907 కాంక్రీటు స్టేషన్, లోపల రైలు మ్యూజియం ఉన్నాయి. దారిలో పడితే చూడండి, దానికోసమే వెళ్లక్కర్లేదు.

తూర్పున న్యూమెక్సికోలోని లాస్ వేగస్ ఆఫెల్ట్ రెండో ప్రయత్నం. జూదం ఊరు కాదిది. ఆమ్‌ట్రాక్ టికెట్ కొనేటప్పుడు స్టేషన్ కోడ్ ఎల్ఎస్‌వీ అని సరిచూసుకోవాలి, హోటల్ బుకింగ్ సైట్లలో నెవాడా పేరు ముందు వచ్చి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. లా కస్తన్యేడా 1898లో కట్టిన హోటల్, 1948లో మూతపడి 2019లో తెరుచుకుంది. పాతకాలంలో స్నానాల గదులు ఉమ్మడిగా ఉండేవి. ఈ కాలం వాళ్లు ఒప్పుకోరు కనుక చిన్న గదులను కలిపి, గదుల సంఖ్య తగ్గించి, ఒక్కోదానికి స్నానాల గది ఇచ్చారు. పాత స్టేషన్ హోటళ్లలో అసలు లెక్క ఇక్కడే తేలుతుంది: గదులు సగమైతే అద్దె పెరగాలి, ఊరు చిన్నదైతే అద్దె పెరగదు. విన్‌స్లో కన్నా ఇక్కడ సందడి తక్కువ, భోజనశాల ఏ రోజుల్లో తెరుస్తున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. రెండు వైపుల రైళ్లూ పగటిపూటే రావడం మాత్రం పెద్ద సుఖం.

శాంటా ఫే నగరానికి వెళ్లేవాళ్లు దిగాల్సింది లామీలో. రైల్వే పేరు శాంటా ఫే అయినా మెయిన్ లైను ఆ ఊరికి వెళ్లదు, 18 మైళ్ల బ్రాంచి లైనే వెళుతుంది. 1909 స్టేషన్ చక్కగా ఉంది. దాని పక్కన ఉండే ఎల్ ఒర్టీజ్ హోటల్ 1943లోనే పోయింది. బయట టాక్సీలు నిలబడి ఉండవు, ఫోన్ చేస్తే వెంటనే వచ్చేవీ ఉండవు. షటిల్‌ను ముందురోజే మాట్లాడుకుని, మీ రైలు నంబరు వాళ్లకు చెప్పి ఉంచండి. సౌత్‌వెస్ట్ చీఫ్ గంటా రెండు గంటలు ఆలస్యం కావడం విశేషం కాదు. రైలు నంబరు ఉంటే డ్రైవరే ఆమ్‌ట్రాక్ యాప్‌లో చూసుకుని సమయానికి వస్తాడు.