ఫ్లోర్ కర్లింగ్ సెట్టు: ఏడాది ఆడించినాక రాస్తున్న రివ్యూ

తిరుపతిలో ఒక గవర్నమెంట్ హైస్కూల్లో పీఈటీని నేను. పోయిన జూన్‌లో మా స్కూలుకి ఫ్లోర్ కర్లింగ్ సెట్టు తెప్పించినాం, పాత స్టూడెంట్లు చందాలేసుకుని కొనిచ్చినారు, ఆన్‌లైన్లో కొరియర్‌తో కలిపి 28 వేల చిల్లర పడింది. అప్పట్నుంచి ప్రతి శనివారం ఆడిస్తా ఉండాను, వేరే స్కూళ్ళ పీఈటీలు ఫోన్ చేసి "సార్, కొనొచ్చా?" అని అడుగుతుంటారు, అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా.

కర్లింగ్ అంటే తెలియనివాళ్ళకి: స్కాట్లాండ్‌లో పుట్టిన మంచు ఆట. దాదాపు 45 మీటర్ల పొడుగు మంచు ట్రాక్, అవతలి చివర రౌండ్లు రౌండ్లుగా గీసిన గురి, దాన్ని హౌస్ అంటారు. టీముకి నలుగురు, మనిషికి రెండు రాళ్ళు, ఒక్కోటి 20 కిలోలకి కొంచెం తక్కువ. అందరూ తోసేసినాక మధ్య చుక్కకి ఎవరి రాయి దగ్గరుంటే ఆ టీముకే పాయింట్లు, రెండో టీముకి సున్నా. ఫ్లోర్ కర్లింగ్ అంటే ఇదే ఆట, మంచు లేకుండా నున్నటి నేలమీద ఆడేది. మన పిల్లలకైతే నేను ఒకటే చెప్పినా, క్యారమ్ బోర్డు నేల మీద పరిచి గోలీల్లాగా గురి చూసి తోసేదిరా అని, అంతే, వెంటనే పట్టేసినారు.

సెట్టులో వచ్చేవి 8 రాళ్ళు, నాలుగు ఎరుపు, నాలుగు నీలం, రెండు హౌస్ మ్యాట్లు, వంగలేనివాళ్ళు నిలబడే తోసేదానికి రెండు కర్రలు. రాయి అంటున్నా గానీ ప్లాస్టిక్కే, కింద బాల్ బేరింగులుంటాయి, వాటిమీద దొర్లుకుంటా పోతుంది. మా వీధి కొట్టులో తూకం వేయిస్తే ఒక్కోటి 3 కిలోల పైన తూగింది. ఆరో క్లాసు పిల్లలు కూడా సులువుగా తోస్తారు, కాలిమీద పడితే దెబ్బ తగులుతుంది కాబట్టి బూట్లు లేకుండా రానివ్వను.

క్వాలిటీ బాగుంది, కానీ కొన్ని ఇబ్బందులు చెప్పాలి. మ్యాట్లు చుట్టి పంపిస్తారు, అంచులు నెలదాకా నేలకి ఆనవు, ఎండలో పరిచి నాలుగు మూలలా కడప బండ ముక్కలు పెట్టి సరిచేసుకున్నాం. ఒక రాయి బేరింగు వచ్చినప్పుడే బిగుసుకుపోయి ఉండింది, అమ్మినవాళ్ళు ఫోటో పంపండి వీడియో పంపండి అని మూడు వారాలు తిప్పి అప్పుడు మార్చినారు. ఇంకోటి మా తప్పే, మ్యాట్ నచ్చక మొదట్లో ముగ్గుపిండితో హౌస్ గీసినాం, చూసేదానికి భలే ఉండింది, మా టెన్త్ అమ్మాయిలు చుట్టూ తీగ ముగ్గు కూడా వేసినారు, కానీ రెండో రోజుకే పిండి బేరింగుల్లోకి పోయి రాళ్ళు గరగరమంటా సగం దారిలోనే ఆగిపోయినాయి. పక్కనుండే సైకిల్ షాపాయన అన్నీ విప్పి పాత టూత్‌బ్రష్‌తో తోమి కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క వేసినాడు, "సార్, రెండో చుక్క వేయబాకండి, దుమ్మంతా పట్టేస్తాది" అని గట్టిగా చెప్పినాడు. అప్పట్నుంచి రంగు టేపే వాడతా ఉండాం.

నేల విషయం కొనేముందే చూసుకోండి. కడప బండల వరండాలో అతుకు దగ్గర రాయి పక్కకి తిరిగిపోతుంది, గచ్చు గరుకుగా ఉంటే పోనే పోదు. టైల్సో పాలిష్ చేసిన గ్రానైటో ఉండాలి. స్కూల్లో అంత చోటు లేక నేను మా దగ్గరి కల్యాణ మండపం ఓనర్‌ని అడిగినా, ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు కదా, హాలు ఖాళీగానే ఉంటుంది కదన్నా అని. కరెంటు బిల్లు కట్టుకోండి చాలన్నాడు. జూన్‌లో స్కూళ్ళు తెరిచి కొత్త పిల్లలు చేరతారు, ఆ వెంటనే ఆషాఢం వస్తుంది, ఆట మొదలుపెట్టేదానికి ఇంతకన్నా మంచి టైము మన ఊర్లో దొరకదు. శ్రావణంలో ముహూర్తాలు మొదలైతే స్కూల్ డైనింగ్ హాలుకి మారిపోతాం, అక్కడ పొడుగు తక్కువ కానీ నేల నున్నగా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి శనివారం 60 మందికి పైగా వచ్చినారు, హాలు దద్దరిల్లిపోయింది, నేను ఎంత సంబరపడిపోయినానో. నాలుగో శనివారానికి లెక్కపెడితే 13 మంది. ఆట నచ్చలేదేమో అనుకున్నా, రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం మానేసిన పిల్లల్ని పిలిచి అడిగితే ఒక్కరూ ఆట బాలేదనలేదు. "సార్, గంటసేపు నిలబడితే ఒక్క రాయి దొరికింది" అన్నాడు ఏడో క్లాసు పిల్లోడు. వాడన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, 60 మందికి 8 రాళ్ళంటే ఎట్లా సరిపోతాయి?

అప్పుడు కూర్చుని లెక్కేసినా. ఒక సెట్టుతో ఒకసారికి ఆడగలిగేది 8 మంది. మనిషికొక రాయి చొప్పున ఒక రౌండు అయ్యేదానికి ఐదారు నిమిషాలు, నాలుగు రౌండ్ల మ్యాచి అరగంటలోపే అయిపోతుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు మూడు మ్యాచులు, మొత్తం 24 మంది. అంతకుమించి పిలిస్తే మనమే వాళ్ళని వెనక్కి పంపినట్టు. అందుకని 24 పేర్లే రాసుకున్నా, ఆరు టీములు చేసినా, ఒక్కో టీములో ఇద్దరు అమ్మాయిలు తప్పనిసరి, ఆరు వారాలు టీములు మారవు, ఎవరి అరగంట వాళ్ళదే. మిగతావాళ్ళకి వెయిటింగ్ లిస్టు. కొత్తగా వచ్చే ఆరో క్లాసువాళ్ళకి తొమ్మిదో క్లాసువాళ్ళే నేర్పాలి, నేను పక్కన నిలబడి చూస్తానంతే. సంక్రాంతి సెలవులైనాక చూస్తే 24లో 21 మంది ఇంకా వస్తానే ఉండారు. టీము ఉంటే పిల్లోడు రాకపోతే మిగతా ముగ్గురు ఇంటికి పోయి లాక్కొస్తారు, ఆ పని నా వల్ల అయ్యేది కాదు.

ఈ ఆట పెరిగిన ఊర్ల సంగతి చదివినా ఇదే కనపడింది నాకు. జపాన్‌లో హొక్కైడోలో తోకొరో అని సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే ఊరు, 1980లో ఆట మొదలుపెట్టినప్పుడు వాళ్ళకి రాళ్ళే లేవు, చిన్న బీరు పీపాలతో రాళ్ళు తయారు చేసుకుని ఆడినారు. 1988లో ఇండోర్ హాలు కట్టుకున్నారు. ఆ ఊరి టీము లోకో సొలారె 2018 ఒలింపిక్స్‌లో కాంస్యం, 2022లో రజతం తెచ్చింది. కొరియాలో ఉయిసాంగ్ వెల్లుల్లికి పేరుపడ్డ ఊరు, అక్కడ 2006లో కర్లింగ్ హాలు వచ్చింది, 2018లో రజతం గెలిచిన అమ్మాయిల్లో ఎక్కువమంది ఆ ఊరి స్కూలు పిల్లలే. ముందు చోటు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి పతకాలు. మనవాళ్ళు ఒక రోజు డెమో పెట్టి, బ్యానర్ ముందర ఫోటో దిగి, రాళ్ళు స్టోర్‌రూమ్‌లో పడేస్తారు, నాకు అది చూస్తే కడుపు మండిపోతుంది.

మంచు ఆటలో ఉండే రెండు విషయాలు ఈ సెట్టుతో రావు, కొనేవాళ్ళకి ఇది తెలియాలి. మంచు మీద రాయిని కొంచెం తిప్పి వదిలితే చివర్లో వంపు తిరుగుతుంది, కర్లింగ్ అనే పేరు దాంతోనే వచ్చిందంటారు, ఇక్కడ రాయి తిన్నగానే పోతుంది. రెండోది బ్రష్షుతో ఊడ్చేది, మంచు కొంచెం వేడెక్కి రాయి ఇంకొంచెం దూరం పోతుంది, అదీ ఇక్కడ లేదు. కానీ ఎంత బలంగా తోయాలి, అడ్డం రాయి ఎక్కడ పెట్టాలి, ఎదుటివాళ్ళది ఎప్పుడు కొట్టాలి, ఆఖరి రాయి మనదైతే ఎట్లా ఆడాలి, ఇదంతా నేలమీద కూడా అట్లే ఉంటుంది. ఒలింపిక్స్‌లో వాడే రాళ్ళు స్కాట్లాండ్ దగ్గర ఐల్సా క్రెయిగ్ అనే దీవి గ్రానైట్‌తో చేస్తారు, అది నీళ్ళు పీల్చదు కాబట్టి మంచుమీద చీలదు అని చెప్తే, "మన కుప్పం గ్రానైట్‌తో చెయ్యకూడదా సార్?" అన్నాడు మా స్టూడెంటొకడు. వాడికి ఆ ప్రశ్న వచ్చినందుకే నాకు కడుపు నిండిపోయింది.

కర్రల గురించి వేరేగా చెప్పాలి. మనవరాలిని తీసుకుపోయేదానికి కొర్లగుంట నుంచి ఒక అవ్వ వస్తుంది, ప్రతి శనివారం గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూసేది. ఒకరోజు "ఏం సార్, నేనొకటి తోసేదా?" అనింది. కొంగు నడుముకి బిగించి, కర్ర రాయి పిడికి తగిలించి, చీపురు తోసినట్టు నింపాదిగా తోసింది. రాయి పోయి పోయి నీలం రాయి పక్కనుంచి దూరి మధ్య చుక్క మీద ఆగింది. పిల్లలు అరిచిన అరుపుకి బయట టీకొట్టు దగ్గరోళ్ళు లోపలికొచ్చినారు. మా ఎనిమిదో క్లాసులో నడవలేని పిల్లోడు ఒకడుండాడు, వీల్‌చైర్‌లో కూర్చుని అదే కర్రతో ఆడతాడు, వాడే ఇప్పుడు వాళ్ళ టీముకి కెప్టెను. వీల్‌చైర్ కర్లింగ్ 2006 నుంచి పారాలింపిక్స్‌లో ఉందని వాడికి చూపించినా, ఫోన్ నా చేతికి తిరిగి ఇయ్యలేదు గంటసేపు.

నా రేటింగు 5కి 4. ఒక మార్కు తీసేసింది మ్యాట్లకి, అమ్మినవాళ్ళ తిప్పుళ్ళకి. వారంలో ఒక రోజు, ఒక టైము, ఆ టైముకి తప్పకుండా వచ్చే ఒక పెద్దమనిషి, ఈ మూడూ మీ దగ్గరుంటే కళ్ళు మూసుకుని కొనండి. లేకపోతే ఆ డబ్బుతో రెండు వాలీబాల్ నెట్లు కొనుక్కోండి, కనీసం రోజూ వాడతారు. ఆర్డర్ పెట్టేటప్పుడు స్పేర్ బేరింగులు నాలుగు అదనంగా అడగండి, తర్వాత విడిగా దొరికేది కష్టం.

వెయిటింగ్ లిస్టులో ఇంకా 31 మంది ఉండారు, వాళ్ళకోసం రెండో సెట్టుకి చందాలు మొదలుపెట్టినాం. చంద్రగిరి నుంచి ఒక పీఈటీ వచ్చి రెండు శనివారాలు చూసిపోయినాడు, ఆ సెట్టు ఆర్నెల్లు వాళ్ళ దగ్గర ఆర్నెల్లు మా దగ్గర ఉండేటట్టు అనుకున్నాం. ఆషాఢానికి మండపం అప్పుడే మాట్లాడేసినా.