తట్టిందల్లా రాసుకోవాలా, గుర్తుంటుందిలే అని వదిలేయాలా: ఏది మేలు?

చెన్నైలో వడపళని చుట్టుపక్కల సినిమాలకు డబ్బింగ్ మాటలు రాసేవాళ్లలో రెండు రకాలవాళ్లు కనిపిస్తారు. కొందరు టీ తాగుతూ కూడా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో ఒకటి గీకుతూనే ఉంటారు. మిగతావాళ్లు చేతులూపుకుంటూ తిరుగుతారు. అడిగితే, "మంచి మాటైతే అదే గుర్తుంటుంది. మర్చిపోయామంటే దానిలో పస లేనట్టే" అంటారు. వినడానికి ఈ వాదన భలే ఉంటుంది గానీ, నా లెక్కలో అది సగమే నిజం.

అయినా జ్ఞాపకం తరఫున మాట్లాడాలంటే తెలుగువాడికి సాక్ష్యాల కరువు లేదు. అష్టావధాని కాగితం, కలం లేకుండా ఎనిమిదిమంది పృచ్ఛకుల, అంటే ప్రశ్నలు వేసేవాళ్ల, మధ్య కూర్చుంటాడు. ఒకరు సమస్య ఇచ్చి పూరించమంటారు, ఒకరు దత్తపది, అంటే కొన్ని పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఇంకొకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. అప్రస్తుత ప్రసంగం పేరుతో మధ్యమధ్య సంబంధం లేని ప్రశ్నలు వేసేవాడి గోల సరేసరి. పద్యాలు ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో పూర్తవుతాయి. ఆఖర్న ధారణ, అంటే అన్నీ వరసగా అప్పజెప్పాలి. అది చూసొచ్చాక పుస్తకం కొనడం దండగనిపిస్తుంది. కాకపోతే అక్కడ పద్యానికి ఛందస్సు ఉంది. ఒక్క అక్షరం జారినా గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస పట్టిస్తుంది. మెట్రోలో నిలబడి ఉండగా మనకు తట్టే ఆలోచనకు గణాలూ లేవు, యతీ లేదు.

అలా ఏ ఆకారమూ లేనిది ఎంతసేపు నిలుస్తుందో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసి చూసుకున్నాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎంత మరిచాడో కొలిచి, 1885లో పుస్తకం వేశాడు. గంట తిరిగేసరికే సగానికి పైగా శ్రమ నీళ్లపాలయ్యేది. మరుపు దెబ్బ మొదటి గంటలోనే గట్టిగా పడుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. "ఇంటికెళ్లి రాసుకుంటాలే" అనేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఆ గంటలోనే.

చెన్నైలో ఉంటూ ఈ తగువు తీర్చాలంటే డిసెంబరు కచేరీలను మించిన చోటు లేదు. ఒకే సాయంత్రం అన్నమయ్యనీ త్యాగయ్యనీ వినొచ్చు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి తిరుమలలో భద్రంగా ఉండిపోయాయి. భద్రత మరీ ఎక్కువైంది కాబోలు, అచ్చులోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. దాంతో సాహిత్యం దక్కింది, ఆయన పాడిన బాణీ దక్కలేదు. ఇవాళ మనం వినే వరసలు చాలావరకు సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి తర్వాతివాళ్లు కట్టినవే. త్యాగరాజు (1767–1847) కీర్తనలకు శిష్యుల గొంతులే ముఖ్యమైన ఆధారం. కొందరు రాసిపెట్టుకున్న మాట నిజమే, కానీ బాణీ నడిచొచ్చింది నోటి మీదుగానే. అందుకే ఒకే కీర్తనకు రెండు మూడు పాఠాంతరాలు వినిపిస్తాయి. అక్కడక్కడా అరిగినా ఊపిరి మాత్రం పోలేదు.

రాసినదాన్ని ఎవరూ తెరవకపోతే అదీ పోయినట్టే. రాయనిదాన్ని ఎవరో ఒకరు రోజూ పాడుతుంటే అది ఉన్నట్టే. మైలాపూరులో సంగీతం నేర్చుకునే పిల్లల నోటుపుస్తకం ఒకసారి తీసి చూడండి. తెలుగు కీర్తన తమిళ లిపిలో ఉంటుంది. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం కాబట్టి, పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేసుకుంటారు. కచేరీ నాటికి ఆ పుస్తకం మూతపడాలన్నది పాతకాలపు గురువుల పట్టుదల. ఇప్పుడు వేదిక మీద ట్యాబ్ కనపడితే ముందు వరసలో మామీలు (పెద్దావిడలు) మొహం చిట్లిస్తారు. నా ఓటు మామీలకే.

ఇక రాసుకునేవాళ్ల తప్పుల సంగతి. నాకు తెలిసిన ఒక రైటర్ గారి ఫోన్లో "గొడుగు, మామయ్య, వద్దు" అని ఉంది. ఏ సీను కోసమో ఆయనకే తెలియదు. గణితవేత్త రామానుజన్ కూడా ఇదే ఊళ్లో, కాగితం ఖరీదని పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపేసి, ఫలితం మాత్రమే నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. 1912లో పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా చేరేనాటికే ఆ పుస్తకాలు ఉన్నాయి. 3,000కు పైగా ఫలితాలు ఉన్నా రుజువులు దాదాపు లేవు. అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ వాటిని నిరూపిస్తూ అయిదు సంపుటాలు వేసేసరికి 1985 నుంచి 1998 దాకా పట్టింది. మన గొడుగు, మామయ్యల కోసం అంత శ్రమపడేవాళ్లు ఎవరూ రారు. కాబట్టి రాస్తే పూర్తి వాక్యం రాయాలి, ఏ సీనుకో, ఎందుకో కూడా.

నా తీర్పు ఇది: కథను రాసుకోనక్కర్లేదు, మాటను రాసుకోవాల్సిందే. సినిమావాళ్ల పేట కోడంబాకంలో కథ చెప్పడమనే అలవాటు ఊరికే పుట్టలేదు. కాగితం లేకుండా నలుగురికి చెబుతుంటే బలహీనమైన సీను దానంతటదే జారిపోతుంది, మిగిలింది గట్టిపడుతుంది. తొందరపడి రాసేస్తే ఆ సీను కూడా దర్జాగా కూర్చుంటుంది. డబ్బింగ్ మాట అలా కాదు. తెర మీద పెదవులు కలిసే చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి, భావం చెడకూడదు, నిడివి మించకూడదు. రోజంతా కుస్తీ పట్టినా దొరకనిది అశోక్ నగర్ స్టేషన్ మెట్లెక్కుతుంటే తడుతుంది. దాన్ని మనం మళ్లీ మళ్లీ చెప్పుకోం, ఎవరూ పాడరు. అక్కడే ఆగి, వెనకొచ్చేవాళ్లు విసుక్కున్నా సరే, రాసేసుకోవాలి.

తట్టిన ప్రతిదీ అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆదివారం ఆ వారం రాసినవి చదివి, ఇంకా ఆసక్తి పుట్టించనివి కొట్టేయకపోతే అవి మన సొంత రాగిరేకులైపోతాయి.

పుస్తకమా, ఫోనా అంటారా? చల్లటి ఎడిటింగ్ గదిలో పుస్తకమే హాయి. మే నెలలో బస్సెక్కితే మాత్రం చొక్కా జేబులో కాగితం చెమటకు నానిపోతుంది, అప్పుడు ఫోనే దిక్కు.