ఉస్మానియా బిస్కెట్లు ఎక్కడ కొనాలి? కరాచీ, సుభాన్, నిమ్రా, నీలోఫర్‌లలో ఏది మేలు?

హైదరాబాదు వస్తున్నామని ఫోను చేసే చుట్టాలు కుశల ప్రశ్నలు అయ్యాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది. బిస్కెట్లు కరాచీ బేకరీలో కొనాలా, సుభాన్ బేకరీలో కొనాలా? ఈ మధ్య నిమ్రా, నీలోఫర్ కెఫేలు కూడా ఆ ప్రశ్నలో చేరాయి. బిర్యానీ విషయంలో గొంతు చించుకుని వాదించేవాళ్లు కూడా బిస్కెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్ల మాట మీద ఆధారపడతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా ఒకేసారి రాయడం నయమనిపించింది.

నా లెక్కలో బేకరీ పేరు రెండో విషయం. బట్టీలోంచి దిగిన బిస్కెట్ ఎంతసేపటికి నోట్లో పడుతోంది అన్నది మొదటిది. మిగతా పోలికలన్నీ, అంటే వెన్న ఎంత, తీపి ఎంత, పెట్టె ఎంత అందంగా ఉంది అన్నవి, దాని తర్వాతే. ఇది ఉస్మానియాకు వర్తించినంతగా ఇంకే బిస్కెట్‌కూ వర్తించదు.

ఉస్మానియా చూడటానికి చాలా మామూలు బిస్కెట్. మైదా, వెన్న, చక్కెర, పాలు, కొంచెం కస్టర్డ్ పొడి, కాస్త ఉప్పు, కొన్నిచోట్ల యాలకులు లేదా కుంకుమపువ్వు వాసన. క్రీము లేదు, పైన అద్దకం లేదు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిందని అందరూ చెబుతారు. ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం మొదలైందని ఒక కథ, నిజాం స్వయంగా ఇష్టపడి తెప్పించుకునేవాడని ఇంకో కథ. రెండిట్లో ఏది నిజమైనా బిస్కెట్ రుచి మారదు. రుచి ఉన్నదంతా తీపి వెనకాల మెల్లగా తగిలే ఉప్పులోనూ, నాలుక మీద ఇసుకలా విడిపోయే ఆ గుల్లతనంలోనూ ఉంది. ఈ రెండింటిలో ఉప్పు పెట్టెలో ఎన్నాళ్లున్నా ఉంటుంది. గుల్లతనం ఉండదు. గాలిలో తేమ తగిలితే మెత్తబడుతుంది, రోజులు గడిస్తే వెన్న వాసన మారుతుంది. వానాకాలంలో మూత సరిగా పడని డబ్బాలో అయితే ఒక్క రాత్రి చాలు.

మరీ వేడిగా ఉన్నదే మంచిదని కూడా అనుకోకండి. బట్టీలోంచి అప్పుడే దిగిన ఉస్మానియా మెత్తగా, విరిగిపోయేలా ఉంటుంది. చల్లారాకే అది గుల్లబారుతుంది. వేడివేడిగా ఉన్న బిస్కెట్లను అట్టపెట్టెలో సర్ది, పైన ప్లాస్టిక్ సంచి కట్టి ఇస్తే, లోపలి ఆవిరి బయటికి పోలేక బిస్కెట్ల మీదే కూర్చుంటుంది. పొద్దున కొన్నవి సాయంత్రానికి సాగుతున్నాయని వచ్చే ఫిర్యాదుల్లో సగం దీనివల్లే. పెట్టె చేతికి వెచ్చగా తగిలితే మూత కాస్త తెరిచి ఉంచి, పూర్తిగా చల్లారాక మూయండి.

కరాచీ బేకరీది అందరికీ తెలిసిన చరిత్ర. దేశ విభజన సమయంలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టారు. ఇప్పుడు నగరమంతా శాఖలు ఉన్నాయి, శంషాబాద్ విమానాశ్రయంలోనూ ఉంది, ఇతర నగరాల్లోనూ ఉన్నాయి. దాని గొప్పతనం ఫ్రూట్ బిస్కెట్. చక్కెర పాకంలో ఊరిన పచ్చి బొప్పాయి ముక్కలే టూటీ ఫ్రూటీ. ఆ ముక్కలు, జీడిపప్పు పలుకులు, పెట్టె తెరవగానే తెలిసిపోయే ఆ సువాసన. ఈ బిస్కెట్ ప్రయాణానికి పుట్టినట్టే ఉంటుంది. బొప్పాయి ముక్కలు ఎలాగూ కొంచెం సాగుతాయి కాబట్టి రెండు మూడు రోజులు ఆలస్యమైనా నాలుకకు పెద్ద తేడా తెలియదు. సీలు వేసిన పెట్టె, మీద తయారీ తేదీ, గుడ్డు లేదని చెప్పే ఆకుపచ్చ గుర్తు. అమెరికా వెళ్లే పెట్టెలో పెట్టడానికి, ఆఫీసులో పంచడానికి, పెళ్లివారింటికి తీసుకెళ్లడానికి ఇంతకన్నా నిశ్చింతైనది లేదు.

అయితే కరాచీలో ఉస్మానియా కొంటే నాకు ఎప్పుడూ ఒక మెట్టు తక్కువగానే అనిపిస్తుంది. చెడ్డదని కాదు. సీలు వేసిన పెట్టెలో, ఎక్కడ తిన్నా ఒకే రుచి వచ్చేలా చేసిన ఉస్మానియాలో ఆ బట్టీ వాసన మిగలదు. ఒకే బేకరీలో ఒక బిస్కెట్ మొదటి స్థానంలో ఉండి, ఇంకోటి ఎక్కడో ఉండటంలో వింతేమీ లేదు, కానీ పెట్టె మీద పేరు చూసి కొనేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు.

సుభాన్ బేకరీ నాంపల్లిలో, రెడ్ హిల్స్ వైపు ఉంటుంది. ఇక్కడ సంగతి వేరు. కొట్టులోకి అడుగుపెట్టకముందే వెన్న వాసన రోడ్డు మీదికి వచ్చి పలకరిస్తుంది. సాయంత్రం వేళ కౌంటరు దగ్గర మూడు నాలుగు వరుసల్లో జనం, అందరి చేతులూ పైకి లేచి ఉంటాయి. కౌంటరు వెనక ట్రేలు ఖాళీ అవుతూనే ఉంటాయి, లోపలి నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. కుర్రాడు ట్రేలోంచి గుప్పిళ్లతో తీసి తూకం వేసి పెట్టెలోకి వంచుతాడు. నా దృష్టిలో సుభాన్ గెలుపుకు కారణం రహస్య వంటకం కన్నా ఈ రద్దీయే. సరుకు నిలవ ఉండే అవకాశం లేనిచోట పాతది దొరకదు. గిరాకీ ఎక్కువగా ఉన్న బేకరీలో మామూలు బిస్కెట్ కూడా, గిరాకీ లేని బేకరీలోని గొప్ప బిస్కెట్‌ను ఓడిస్తుంది. సుభాన్‌లో బిస్కెట్ కూడా గొప్పదే కావడం మన అదృష్టం.

సుభాన్ ఉస్మానియా విరిస్తే పొడి రాలుతుంది. అంచులు కాస్త ముదురు రంగులో, మధ్యలో లేత పసుపు. అడుగు భాగం తిప్పి చూడండి, మంచి బిస్కెట్‌కు అడుగున మచ్చలు లేకుండా ఒకే రంగు ఉంటుంది. చాంద్ బిస్కెట్లు, టై బిస్కెట్లు కూడా ఇక్కడ బాగుంటాయి. డిసెంబరులో ప్లమ్ కేకు కోసం వచ్చే జనాన్ని చూస్తే మాత్రం వెనక్కి తిరిగి రావాలనిపిస్తుంది. మొహర్రం నెలలో దమ్ కే రోట్ చేస్తారు. రవ్వ, గోధుమపిండి, నెయ్యి, చక్కెర, ఎండుపళ్లు, గింజలు వేసి కాల్చిన బరువైన రొట్టె బిస్కెట్ అది. ఒకటి తింటే ఆ పూట భోజనం అక్కర్లేదు. ఇస్లామిక్ క్యాలెండరు చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. పోయినేడు ఫలానా తేదీన తిన్నాం కదా అని ఈ ఏడు అదే తేదీకి వస్తే కుదరదు. నెయ్యి వల్ల రోట్ కొన్ని రోజులు నిలవుంటుంది, అందుకని ఆ నెలలో ఊరికి వెళ్లేవాళ్లకు నేను ఫ్రూట్ బిస్కెట్ కన్నా ఇదే చెబుతాను.

నిమ్రా చార్మినార్ పక్కనే, మక్కా మసీదుకు ఆనుకుని ఉంది. చాయ్, బిస్కెట్ రెండూ ఒకేచోట దొరుకుతాయి, బిస్కెట్లు అక్కడే కాలుస్తారు. నేను పెట్టుకున్న మొదటి కొలత ప్రకారం చూస్తే నిజానికి నిమ్రాకే ఎక్కువ మార్కులు పడాలి. బట్టీకీ నోటికీ మధ్య దూరం అక్కడ కొన్ని అడుగులే. నిలబడి, ఒక చేతిలో ఇరానీ చాయ్, మరో చేతిలో ఉస్మానియా, ఎదురుగా 1591 నాటి మినార్లు. బిస్కెట్ చాయ్‌లో ముంచి, విరిగి పడిపోకముందే తీయడంలో ఒక నేర్పు ఉంది, అది ఇక్కడే నేర్చుకోవాలి. అయితే పెట్టెలు కట్టించుకుని మోసుకెళ్లడానికి ఇది అనువైన చోటు కాదు. జనం తోపులాటలో పెట్టె నలగకుండా బయటపడితే గొప్పే, వాహనం ఎక్కడో దూరంగా ఆపి నడవాలి. ప్రశాంతంగా తినాలంటే పొద్దున్నే వెళ్లండి. రంజాన్ రాత్రుల్లో వెళ్తే జనాన్ని చూడటానికి వెళ్లినట్టు, బిస్కెట్ కోసం కాదు.

నీలోఫర్ కెఫే లకడీకాపూల్, రెడ్ హిల్స్ దగ్గర, నీలోఫర్ ఆస్పత్రి పక్కన 1978లో మొదలైంది. ఇప్పుడు ఖరీదైన పేటల్లో పెద్ద పెద్ద హంగులతో శాఖలు వచ్చాయి. ఇక్కడి ఉస్మానియా మిగతావాటి కన్నా మెత్తన, వెన్న ఎక్కువ తగులుతుంది. కొందరికి ఇదే ప్రాణం. నాకైతే ఆ ఉప్పు కొంచెం వెనకబడినట్టు ఉంటుంది. అక్కడికి వెళ్తే నేను బిస్కెట్ వదిలేసి మీగడ పెట్టిన మలై బన్ తింటాను.

పిస్తా హౌస్ అంటే హలీమ్. బిస్కెట్లు కూడా చేస్తారు, బాగానే ఉంటాయి, వాటి కోసం ప్రత్యేకంగా బయల్దేరాల్సిన పని లేదు. సికింద్రాబాదులో రైలు దిగినవాళ్లకు స్టేషను దగ్గర ఆల్ఫా హోటల్ ఉంది. చాయ్‌కి, వెన్న పూసిన బన్ మస్కాకి వెళ్లండి. జూబ్లీహిల్స్, కొండాపూర్ వైపు వెలసిన క్రొసాంట్, సోర్‌డో దుకాణాల గురించి కూడా అడుగుతున్నారు. అవి వేరే ఊళ్ల రుచులు, వాటిని వేరేగా తూచాలి. పేట బేకరీలను మాత్రం తక్కువ చేయకండి. ఎగ్ పఫ్, కర్రీ పఫ్, లోపల తీపి కొబ్బరి కూరిన దిల్ పసంద్ తినాలంటే పేరున్న బేకరీ దాకా వెళ్లక్కర్లేదు. సాయంత్రం నాలుగు గంటలకు మీ వీధి చివర బేకరీలో ట్రే దిగే సమయం తెలుసుకుంటే చాలు. చల్లారిన పఫ్‌ను మించిన నిరాశ లేదు, మైక్రోవేవ్‌లో పెడితే పొరలు తోలులా సాగుతాయి.

కొవ్వు సంగతి కూడా చెప్పాలి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల వేడికి కరుగుతుంది, అంటే నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. చవకగా చేసే బిస్కెట్లలో వనస్పతి వాడితే, అందులో కొంత భాగం నోటి వేడికి పూర్తిగా కరగదు, అంగిలికి సన్నని పూతలా అంటుకుంటుంది. బిస్కెట్ తిన్నాక నీళ్లు తాగినా ఆ జిడ్డు పోకపోతే అందులో వెన్న ఎంతుందో మీరే అర్థం చేసుకోవచ్చు. నూనెల్లో, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని దేశంలో 2022 నుంచి నిబంధన ఉంది, కాబట్టి ఒకప్పటి డాల్డా భయం అంతగా అక్కర్లేదు. అయినా నాలుకకు తేడా తెలుస్తూనే ఉంటుంది. ఊరి పేరు, నిజాం బొమ్మ అచ్చు వేసిన పెట్టెలు బస్టాండుల్లో, దారి పక్క దాబాల్లో కుప్పలుగా కనిపిస్తాయి. ఒకసారి అలాంటి చోట ప్రయాణం తొందరలో కొన్నవి ఇంటికొచ్చి తెరిస్తే పాత నూనె కంపు కొట్టాయి. తయారీ తేదీ మీద ధర కాగితం అతికించి ఉంది.

ఇందులో గుడ్డు ఉందా అని శాకాహారులు అడిగే ప్రశ్నకు ఒకే సమాధానం. పెట్టెలో సీలు వేసి అమ్మేవాటి మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే గుడ్డు లేనట్టు. గుడ్డు ఉంటే గోధుమరంగు గుర్తు ఉండి తీరాలి. ట్రేలోంచి తీసి తూకం వేసి ఇచ్చేవాటి మీద ఏ గుర్తూ ఉండదు, కౌంటరు దగ్గర నోరు తెరిచి అడగాలి. పైన నిగనిగలాడే పూత ఉన్నవాటి గురించి ముఖ్యంగా అడగండి, అది ఒక్కోచోట పాలు, ఒక్కోచోట గుడ్డు.

మరి ఏది కొనాలి? ఆ రోజూ మర్నాడూ తినేస్తామంటే సుభాన్ ఉస్మానియా, ఇందులో నాకు సందేహం లేదు. వారం తర్వాత ఎవరి చేతిలోనో పెట్టాలంటే కరాచీ ఫ్రూట్ బిస్కెట్. పాతబస్తీ ఎలాగూ చూస్తున్నారంటే నిమ్రాలో నిలబడి తినండి, ఇంటికి మాత్రం వేరేచోట కొనండి. మెట్రోలో వస్తే పని సులువు. నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్లు పక్కపక్కనే. నాంపల్లిలో దిగి సుభాన్‌కు వెళ్లి, గాంధీభవన్‌లో దిగి కరాచీ కోసం మొజంజాహీ మార్కెట్‌కు నడవచ్చు. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌ను చూడటానికైనా కాసేపు ఆగండి, పక్కనే ఐస్‌క్రీమ్ దొరుకుతుంది. రెండు చోట్లా కొనేంత సమయం లేకపోతే సుభాన్‌కే వెళ్లమంటాను. కరాచీ పెట్టెలు విమానాశ్రయంలోనూ దొరుకుతాయి, సుభాన్ ట్రే నాంపల్లిలోనే దిగుతుంది.

ఊరికి చేరాక అట్టపెట్టెలోనే ఉంచేయకండి. గట్టిగా మూత పడే స్టీలు డబ్బాలోకి మార్చండి. మెత్తబడ్డాయనిపిస్తే ఓవెన్‌లో సన్నని వేడి మీద కొద్ది నిమిషాలు పెట్టి, బయటికి తీసి చల్లారనివ్వండి. ఓవెన్ లేకపోతే మూత పెట్టిన మందపాటి గిన్నెలో, స్టాండు మీద పెట్టినా పని జరుగుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.