చెస్ట్ స్ట్రాప్: మూడేళ్లు కట్టుకున్నాక

గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టే ఈ ఛాతీ పట్టీని కొన్న కొత్తలో తిరిగి పంపేద్దామనుకున్నాను. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం చేరేసరికే 168 చూపించింది. పట్టీలో లోపమేమోనని మెడ మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. 15 సెకన్లలో 42. అప్పటికి నాకు 44 ఏళ్లు.

ఆ రోజు నుంచి 140 దాటితే నడకే. పొద్దున్నే వాకింగ్‌కొచ్చే పెద్దాళ్లు నన్ను దాటిపోతుంటే సిగ్గేసేది. ఎనిమిది నెలలకి అదే 140 మీద తెన్నేటి పార్కు దాకా ఆగకుండా వెళ్లాను. పొద్దున మంచం మీదే చూసుకునే అంకె 74 నుంచి 56కి దిగింది. ఊరికే ఉన్నప్పుడు ఒంటికి నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం కావాలి. 74 సార్లు కొట్టుకుంటే ఒక్కోసారికి 68 మి.లీ. చాలు, 56 సార్లతో సరిపెట్టాలంటే దాదాపు 90 నెట్టాలి. సాధనతో ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) పెరుగుతుంది, ఒంటికి రక్తాన్ని నెట్టే గుండె గది, ఎడమ జఠరిక, కాస్త విశాలమై ఎక్కువ నింపుకుంటుంది. స్వీడన్ డాక్టర్ హెన్షెన్ 1899లోనే స్కీయింగ్ పోటీదారుల ఛాతీ మీద వేలితో తట్టి, ఆ శబ్దాన్ని బట్టి వాళ్ల గుండెలు పెద్దవని కనిపెట్టాడు. నా పట్టీకి అంత విద్య రాదు, లెక్కపెట్టడమొక్కటే వచ్చు.

గుండె గరిష్ఠ వేగం మాత్రం పెద్దగా మారలేదు. కైలాసగిరి మెట్లెక్కితే అప్పుడు 181, ఇప్పుడు 179.

ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఈసీజీ తీసినమ్మాయి "పల్స్ 54 ఉంది సార్, బీపీ మాత్రలేమైనా వాడుతున్నారా?" అని టెన్షన్ పెట్టింది. డాక్టరుగారు ఎకో (గుండె స్కానింగ్) కూడా తీయించి ఏం లేదన్నారు. కళ్లు తిరుగుతుంటే మాత్రం తక్కువ పల్స్‌ని పరుగు ఖాతాలో వేసుకోకండి, చూపించుకోండి.

మే నెల ఉక్కపోతలో అదే వేగానికి 12–15 ఎక్కువ చూపిస్తుంది. రక్తం చల్లబడడానికి చర్మం వైపు పోతుంది, చెమటతో నీరు తగ్గుతుంది, ఒక్కోసారికి వెళ్లేది తగ్గేసరికి గుండె వేగం పెంచుకుంటుంది. ఇది తెలియక మొదటి వేసవంతా ఫిట్‌నెస్ పోయిందని దిగులుపడ్డాను.

ఇక లోపాలు. పట్టీలో చర్మానికి తగిలే ఎలక్ట్రోడ్లు తడపకుండా కట్టుకుంటే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలే. ఒకసారి బ్యాటరీ మూత సరిగ్గా బిగించక లోపల చెమట చేరి పచ్చటి చిలుము పట్టింది. అయినా నా వాచీ కంటే నయం, అది ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె లెక్కగా చూపించేది. మొదటి పట్టీ ఉప్పు చెమటకి ఏడాదిలోనే సాగిపోయింది, రెండోదీ అంతే. ఇప్పుడు రోజూ సెన్సర్ విప్పేసి, పట్టీని మంచినీళ్లలో జాడించి నీడన ఆరేస్తున్నాను. మూడోది 14 నెలలుగా బిగువుగానే ఉంది.