టీచర్ పోస్టులు, అంగన్‌వాడీలు: ఎంపీని అడగాలా, ఎమ్మెల్యేని అడగాలా?

దేవరకొండ వైపు తండాల్లో ఒక్క సారుతో నడిచే బడుల సంగతి వచ్చినప్పుడల్లా మా దగ్గర ఒకటే మాట: "ఎంపీ సారు పార్లమెంటులో అడగొచ్చు గదా!" అడగొచ్చు. కానీ టీచర్ పోస్టుల గురించి లోక్‌సభలో అడిగితే, నియామకాలు రాష్ట్ర ప్రభుత్వం పరిధిలోనివి అనే జవాబే ఎక్కువగా వస్తుంది. 1976లో రాజ్యాంగ 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల అంశాల్లోకి, వెళ్లింది, నిజమే. అయినా డీఎస్సీ వేసేది రాష్ట్రమే. 2024లో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది హైదరాబాద్ నుంచే. ఖాళీల లెక్క తేలాలంటే ఎమ్మెల్యేనే పట్టుకోవాలి, అసెంబ్లీలో అడిగించాలి.

అంగన్‌వాడీ కథ వేరు. మన తెలంగాణలో ఆ ఖర్చులో చాలా వాటికి కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టాలి; పోషకాహారానికి మాత్రం సగం సగం. అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనాన్ని కేంద్రం 2018 అక్టోబరులో 4,500 రూపాయలు చేసింది, ఆపైన రాష్ట్రం కలుపుతుంది. ఇక్కడైతే ఎంపీ ప్రశ్నకు పదును ఉంటుంది.

ఎంపీ అడిగే ప్రశ్నల్లోనూ రెండు రకాలు. నక్షత్ర గుర్తు ప్రశ్నయితే మంత్రి సభలోనే నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు కూడా వేయొచ్చు. కానీ లోక్‌సభలో రోజుకు 20 మాత్రమే, ప్రశ్నోత్తరాల గంటలో అవన్నీ రావు కూడా. గుర్తు లేనిదానికి జవాబు రాతలో వస్తుంది. నాకైతే ఈ రెండోదే ఇష్టం. టీవీలో కనిపించదు గానీ, జిల్లాలవారీగా పట్టిక అడగొచ్చు. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి నల్లగొండ కలెక్టరేట్‌కు పోయినప్పుడు అర్జీకి ఆ కాగితం జత చేయొచ్చు.